థాయిలాండ్ సముద్ర వేటలో వెట్టిచాకిరీ

థాయిలాండ్ సముద్ర వేట పరిశ్రమలో దొంగవేట, వలస కూలీల వెట్టిచాకిరీ కలిసే పెరిగాయి. ట్రాలర్లు రాకముందు శతాబ్దాల పాటు అక్కడి వేట ఎక్కువగా తీరానికి దగ్గర్లోనే, చిన్న పడవల మీద సాగింది.

నేపథ్యం

1960ల తొలినాళ్లలో జర్మనీ సాయంతో ట్రాలు వలలు వచ్చాయి. అప్పట్లో గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో గంటసేపు వల లాగితే దాదాపు 300 కిలోల చేప పడేది. కొన్ని దశాబ్దాల్లోనే ఆ సంపద అడుగంటింది. పొరుగు దేశాలు 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలాలు ప్రకటించుకున్నా థాయ్ పడవలు అక్కడికి దొంగతనంగా వెళ్లేవి. 1989 నవంబరులో గే తుఫాను వందలాది మంది మత్స్యకారులను పొట్టనపెట్టుకున్నాక స్థానికులు పడవ ఎక్కడానికి వెనకాడారు. వాళ్ల స్థానంలో మయన్మార్, కంబోడియా పేదలు చేరారు.

దోపిడీ తీరు

ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని తీసుకొచ్చిన దళారి, మనిషిని సరంగుకు అమ్మేసేవాడు. ఆ సొమ్మును కూలీ పేరనే అప్పుగా రాసేవారు. రోజుకు 20 గంటల చాకిరీ, ఎదురుచెబితే దెబ్బలు. సరుకు ఓడలు నడిసముద్రానికే డీజిలు, తిండి తెచ్చి చేపను పట్టుకెళ్లేవి. పడవకు ఏళ్ల తరబడి రేవుతో పనే ఉండేది కాదు. దొంగవేటను దాచిన ఈ ఏర్పాటే మనుషులనూ దాచింది.

2014–2015

2014 జూన్‌లో బ్రిటన్ పత్రిక గార్డియన్ థాయ్ రొయ్యల మేత వెనుక ఉన్న బానిసత్వాన్ని బయటపెట్టింది. అదే నెలలో అమెరికా తన మానవ రవాణా నివేదికలో థాయిలాండ్‌ను అట్టడుగు శ్రేణికి దించింది. 2015 మార్చి 25న అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు రాబిన్ మెక్‌డోవెల్, మార్గీ మేసన్, మార్తా మెండోజా, ఎస్తర్ టుసాన్‌ల సాహసోపేతమైన పరిశోధన వెలువడింది. ఇండోనేషియాలో థాయ్ వేట పడవలు ఆగే బెంజినా గ్రామంలో మనుషులను బోనులో పెట్టి తాళం వేయడం వాళ్లు చూశారు. చనిపోయిన కూలీలను అక్కడి శ్మశానంలో దొంగ థాయ్ పేర్లతో పూడ్చిపెట్టారు. చేపల ఓడను విలేకరులు ఉపగ్రహ సంకేతాలతో థాయిలాండ్‌లోని సముత్ సఖోన్ రేవు దాకా, అక్కడి నుంచి లారీలను ఫ్యాక్టరీల దాకా వెంబడించారు. ఫలితంగా 2,000 మందికి పైగా విముక్తులయ్యారు. ఈ కృషికి 2016 పులిట్జర్ బహుమతి లభించింది.

సంస్కరణలు

2015 ఏప్రిల్ 21న ఐరోపా సమాఖ్య దొంగవేటపై హెచ్చరికగా పసుపు కార్డు చూపడంతో, ఎగుమతులు పోతాయన్న భయం థాయ్ ప్రభుత్వాన్ని కదిలించింది. ఆ ఏడాదే కొత్త మత్స్య చట్టం, రేవుల్లో తనిఖీలు, పెద్ద పడవలకు ఉపగ్రహ నిఘా వచ్చాయి. 2019 జనవరి 8న ఆ కార్డు ఎత్తేశారు. అదే నెలలో, వేట పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 188వ ఒప్పందాన్ని ఆసియాలో తొలిసారిగా థాయిలాండ్ ఆమోదించింది. 2024 నాటికి పడవల యజమానుల ఒత్తిడితో ఈ నిబంధనలను సడలించే బిల్లులు పార్లమెంటుకు చేరాయి. నడిసముద్రంలో సరుకు, మనుషులు చేతులు మారడంపై అదుపు సడలితే పాత దోపిడీ తిరిగొస్తుందని హక్కుల సంఘాలు చేస్తున్న హెచ్చరికకు ఈ చరిత్రే బలమైన ఆధారం.