పాత వ్యాసం, కొత్త మార్కులు

విద్యార్థి ఒక ఏడు తాను రాసిన వ్యాసాన్ని మరుసటి ఏడు మరొక తరగతిలో మళ్ళీ సమర్పిస్తే అది దోషమా, కాదా? చూడటానికి చిన్న ప్రశ్న. తన పెరటి కాయను తానే కోసుకున్నవాణ్ణి దొంగ అంటారా అని విద్యార్థి అడుగుతాడు. ఒక పనికి రెండుసార్లు మార్కులేమిటని కళాశాల అంటుంది. ఇద్దరూ నీతి పేరిటే వాదిస్తున్నారు గాని, యీ నీతి ఎప్పుడు పుట్టిందో, ఏ పరిస్థితుల్లో పుట్టిందో విచారించటం లేదు. నీతి సూత్రాలకు గూడా చరిత్ర వుంటుంది. దాన్ని చూడకుండా తీర్పు చెప్పటం న్యాయం కాదని నా అభిప్రాయం.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డవి. తొలి రోజుల్లో అవి పాఠాలు చెప్పే సంస్థలు కావు. పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలు. పాఠం కళాశాలలో, తీర్పు విశ్వవిద్యాలయంలో. విద్యార్థి పరీక్ష హాలులో కూర్చున్న కొద్ది గంటల్లో ఏం రాశాడన్నదే లెక్క. అతడు ఇంటివద్ద రాసుకున్న వ్యాసాన్ని కంఠతా పట్టి, హాలులో పొల్లుపోకుండా దించితే దాన్ని దోషమన్నవారు లేరు. కుర్రవాడు బాగా తయారయ్యాడన్నారు. అంటే, యివాళ తప్పుగా కనిపిస్తున్న పని నిన్నటి వ్యవస్థలో సుగుణం!

యీ పరీక్షల పద్ధతి మీద విమర్శ కొత్తది కాదు. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణనే సూచించవలసి వస్తే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ చెప్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కళాశాలలోనే ఏడాది పొడుగునా మూల్యాంకనం జరగాలని కోరింది. క్రమంగా అసైన్‌మెంట్లు, సెమినార్ పేపర్లు, ప్రాజెక్టులు మార్కులకెక్కినవి. ఇంట్లో రాసి తెచ్చిన కాగితానికే మార్కు వచ్చినప్పుడు గాని, ఆ కాగితం ఎప్పటిదన్న ప్రశ్న పుట్టలేదు.

మరి మన దేశంలో నియమం ఏమంటున్నది? యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు చేసింది. సిద్ధాంత వ్యాసాల్లో పోలికలు నూటికి 10 దాటితే శిక్షలు మొదలవుతవి. కాని అవే నిబంధనలు అసైన్‌మెంట్లను, కోర్సువర్కును, జవాబుపత్రాలను తమ పరిధి నుంచి మినహాయించినవి. 2020 ఏప్రిల్‌లో యూజీసీ మరొక ప్రకటన చేసింది. తాను లోగడ ప్రచురించినదాన్నే, ఆ మాట చెప్పకుండా, కొత్త రచనగా చూపి విద్యారంగంలో లాభం పొందటం తగదన్నది దాని సారాంశం. అది ప్రచురించిన రచనల సంగతి. ఏ పత్రికకూ ఎక్కని విద్యార్థి వ్యాసం గురించి తీర్పు మాత్రం ఆయా కళాశాలలకు, ఆయా ఉపాధ్యాయులకు మిగిలిపోయింది. కాబట్టి యీ చర్చ మన చేతుల్లోనే వుంది.

పాత రచనను మళ్ళీ చేపట్టటమే తప్పయితే చాలా గొప్ప గ్రంథాలు బోనెక్కవలసి వస్తుంది. మార్క్స్ 1859లో అర్థశాస్త్ర విమర్శ గ్రంథం ప్రచురించాడు. 1867లో కాపిటల్ మొదటి సంపుటం వెలువడినప్పుడు, యిది ఆ పాత గ్రంథానికి కొనసాగింపని, దాని సారాన్ని ప్రారంభంలో సంగ్రహించానని పీఠికలోనే చెప్పాడు. అంతటితో ఆగలేదు. అక్కడ సూచనగా వదిలినవి యిక్కడ విస్తరించాననీ, అక్కడ విస్తరించినవి యిక్కడ సూచించి వూరుకున్నాననీ, వివరణను మెరుగుపరిచాననీ గూడా వివరించాడు. అంటే పాతదేదో, కొత్తదేదో పాఠకుడికి లెక్క అప్పజెప్పాడు.

మన చర్చకు మరింత దగ్గరి ఉదాహరణ అంబేడ్కర్‌ది. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపిన మానవశాస్త్ర సెమినారులో, భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఆయన ఒక పత్రం చదివాడు. అప్పటికాయన పాతికేళ్ళ విద్యార్థి. అది అచ్చంగా తరగతి కోసం రాసిన పత్రమే. మరుసటి ఏడు మే నెలలో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చయింది. 1936లో కుల నిర్మూలన వచ్చింది. 1944 నాటి మూడవ ముద్రణ పీఠికలో, ఆ పాత పత్రాన్ని యీ గ్రంథంలో కలిపి తిరగరాయాలని వున్నదనీ, తీరిక చిక్కలేదనీ ఆయన రాశాడు. ఇరవై ఎనిమిదేళ్ళనాటి సెమినార్ పేపరును మళ్ళీ వాడుకోవాలనుకోవటంలో ఆయనకు సంకోచం లేదు. ఆ సంగతి దాచవలసిన అవసరమూ కనిపించలేదు. నిజమైన ప్రశ్న ఏడాదితో తీరిపోదు. అది మనిషితోపాటు పెరుగుతుంది.

ఐతే విద్యార్థి వాదమంతా ఒప్పేనా? కాదు. తన మాటలను తాను దొంగిలించటం అనేది లేదన్నమాట నిజమే. కాని మార్కు కాయకు కట్టిన ధర కాదు. ఫలానా కాలంలో, ఫలానా విషయం మీద, ఫలానా విద్యార్థి శ్రమించాడన్న సాక్ష్యం అది. పాత వ్యాసానికి కొత్త తేదీ వేసి మౌనంగా యివ్వటంలో దొంగతనం లేదు గాని అబద్ధపు సాక్ష్యం వుంది. ప్రయోగశాల రికార్డులో యిది మరీ స్పష్టం. తప్పిన విద్యార్థి పోయినేటి లోలకం రీడింగులను యీ యేటి రికార్డులోకి దించితే, అంకెలు తనవే, ప్రయోగమూ తనదే. కాని యివాళ లోలకం వూగలేదు, చేయి నేర్చుకోలేదు. అక్కడ నష్టపోయేది ముందుగా అతడే.

యిక ఉపాధ్యాయుల సంగతి. అవే ప్రశ్నలు యేటేటా ఇచ్చి, పసుపుబారిన నోట్సునే యేటేటా చదివి, విద్యార్థి మాత్రం ప్రతిసారీ కొత్తగా రాయాలనటం ఏ నీతి? డబ్బున్నవాడు ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కుంటాడు. దాన్ని కొత్తగా రాయించివుంటే, పోలికలు పట్టే యంత్రానికి అది దొరకదు. సాయంత్రం కూలికో, దుకాణంలో పనికో పోయే విద్యార్థి తన సొంత వాక్యాలనే మళ్ళీ రాసి దొరికిపోతాడు. యంత్రం పోలికను చూస్తుంది, శ్రమను చూడలేదు. శిక్ష యెవరిమీద పడుతున్నదో గమనించని నియమం ఎంత నిష్పక్షపాతంగా కనిపించినా పక్షపాతమే.

కాబట్టి నేననేది యిది. పాత వ్యాసాన్ని నిషేధించనక్కర లేదు, దాచటాన్ని నిషేధించాలి. వ్యాసం మొదట్లో రెండు వాక్యాలు చాలు: యిందులో ఇంత భాగం ఫలానా తరగతికి రాసినది, యిప్పుడు చదివినవీ, మార్చినవీ, చేర్చినవీ యివి. ఉపాధ్యాయుడు ఆ కొత్త భాగానికే మార్కు వేయాలి. ఏమీ చేర్చకపోతే వ్యాసం తిప్పి పంపాలి గాని విద్యార్థిని నేరస్థుణ్ణి చేయగూడదు. ముందుగా ఆయన తన ప్రశ్నలనూ మార్చుకోవాలి. ఆలోచనను ఒక్కసారి ఖర్చయ్యే సరుకుగా చూసే కళాశాలలో కొత్త వ్యాసాలు పుట్టవచ్చు గాని, పరిణతి పొందే మేధస్సు పుట్టదు.