బెల్టు పట్టిన చేతులు

అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ కోర్సులో చేరినవాళ్ళకి తొలిరోజుల్లోనే ఒక పని నేర్పుతారు. తోటి విద్యార్థి నడుముకి గెయిట్ బెల్టు బిగించి, కుర్చీలోంచి లేపి నిలబెట్టాలి. తూలితే జబ్బ పట్టి లాగకూడదు, భుజానికి దెబ్బ తగులుతుంది. బెల్టు కిందనుంచి వేళ్ళు పోనిచ్చి పట్టుకోవాలి. రోగిని నడిపించేది ఆ చేతులే. నడకకి పథకం రాసేది మాత్రం థెరపిస్టు. అరవయ్యేళ్ళుగా ఈ చదువు చరిత్రంతా ఆ రెండు పనుల మధ్య గీత చుట్టూనే తిరుగుతోంది.

థెరపిస్టులూ మొదట సహాయకులే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం సైన్యం తీసుకున్న ఆడవాళ్ళకి ‘రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్’ అని పేరు. వాళ్ళలో ఒకరైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడిన వృత్తి సంఘానికి తొలి అధ్యక్షురాలు. తర్వాత పోలియో. ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ పిల్లల కాళ్ళకి వేడి ఉన్ని గుడ్డలు చుట్టి కదలికలు నేర్పింది మినియాపోలిస్‌లో. 1952 ఒక్క ఏడాదే అమెరికాలో సుమారు 58 వేల కేసులు.

1955లో టీకా వచ్చింది, పోలియో తగ్గింది, పని తగ్గలేదు. 1965లో మెడికేర్ చట్టంతో 65 దాటినవాళ్ళ వైద్యానికి ప్రభుత్వ బీమా దొరికింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు ఆసుపత్రులకి వస్తుంటే థెరపిస్టులు చాలలేదు. ఎక్కడికక్కడ ఆయాలకే కాస్త పని నేర్పి నెట్టుకొచ్చారు. చివరికి 1967లో వృత్తి సంఘం సహాయకుల చదువుకి ఒక రూపం ఇచ్చింది. మనసుపడి ఇచ్చిందనుకోను, ఇవ్వకపోతే పగ్గాలు చేజారేవి. ఆ ఏడే మయామీ-డేడ్ జూనియర్ కాలేజీలో, కెన్నీ పనిచేసిన మినియాపోలిస్‌లోనే సెయింట్ మేరీస్ జూనియర్ కాలేజీలో కోర్సులు మొదలయ్యాయి. 1969లో తొలి జట్టుగా బయటికొచ్చింది 15 మంది.

రెండేళ్ళ కాలేజీలకి ఇది అతికినట్టు సరిపోయింది. ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర. శరీర నిర్మాణం చదివి, గోనియోమీటరుతో మోకాలి వంపు డిగ్రీల్లో కొలవడం నేర్చి, క్లినిక్‌లో తర్ఫీదు పొంది, జాతీయ పరీక్ష పాసైతే లైసెన్సు.

1997 బడ్జెట్ చట్టం దెబ్బకొట్టింది. ఫిజికల్, స్పీచ్ థెరపీలు రెండిటికీ కలిపి రోగికి ఏడాదికి 1500 డాలర్లే అని మెడికేర్ పరిమితి పెట్టింది. అది 1999లో అమల్లోకొచ్చేసరికి ఉద్యోగాలు పోయాయి, కోర్సులు వెలవెలబోయాయి. ఈలోగా థెరపిస్టుల చదువు డాక్టరేటు దాకా ఎక్కింది, అసిస్టెంటుది రెండేళ్ళ దగ్గరే ఆగింది. ఒకదాన్నుంచి రెండోదానికి ఎక్కించే ఒహాయోలోని ఫిండ్లే యూనివర్సిటీ కోర్సులాంటివి బహు అరుదు.

2018లో ఆ పరిమితి ఎత్తేశారు. ఎత్తేసిన చట్టమే ఇంకో మెలిక పెట్టింది. ఔట్‌పేషెంటు బిల్లులో అసిస్టెంటు చేసిన పని పక్కన ‘సీక్యూ’ అని గుర్తు వేయాలి. 2022 జనవరి నుంచి ఆ గుర్తున్న పనికి మెడికేర్ మామూలుగా ఇచ్చేదాంట్లో 85 శాతమే ఇస్తోంది.