పాతకాలపు మోడల్ రాకెట్ మోటార్లు

మోడల్ రాకెట్ మోటారు పైకి చూస్తే మందు దట్టించిన చిన్న కాగితపు గొట్టం. అమెరికాలో 1950ల చివర వీటి తయారీ మొదలైంది. తర్వాతి పాతికేళ్లలో చిన్నా చితకా కంపెనీలు ఎన్నో ఈ పనిలోకి దిగి వెళ్లిపోయాయి. ఆ తొలితరం పేర్లలో ఇప్పటికీ దుకాణాల్లో కనిపించేది ఎస్టెస్. మిగతా పేర్లు కాలిన గొట్టాల మీదా, పాత కేటలాగుల్లోనూ మిగిలాయి. కేటలాగుల్లో వీటిని ‘ఇంజన్’ అనేవారు. ఘన ఇంధనంతో నడిచేదాన్ని మోటారు అనాలని పట్టుబట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

నిర్మాణం

తారాజువ్వ తెలిసినవారికి దీని సగం సంగతి తెలిసినట్టే. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందే రెండింటిలోనూ ఉంటుంది. కింద మట్టితో బిగించిన సన్నటి మూతి కూడా అలాంటిదే. మందు కాలిపోయాక ఏం జరుగుతుందన్నదే తేడా. తారాజువ్వ పైన పేలిపోతుంది, పుల్ల ఎవరి డాబా మీదో పడుతుంది. మోడల్ రాకెట్ మోటారును నిలువుగా కోసి చూస్తే అసలు మందు పైన మరో పొర కనిపిస్తుంది. అది తోపు ఇవ్వదు, పొగ వదులుతూ నిదానంగా కాలుతుంది. ఈలోగా రాకెట్ తన ఊపు మీద పైకి పోతుంది. ఆ పొర అయిపోగానే దాని పైనున్న చిటికెడు వదులు మందు ఒక్కసారి అంటుకుని, రాకెట్ ముక్కును ఊడదీసి పారాచూట్‌ను బయటికి నెడుతుంది. దిగిన రాకెట్‌లోంచి ఖాళీ గొట్టం లాగేసి కొత్తది తొడిగితే మళ్లీ ఎగరడానికి సిద్ధం.

మామూలు గొట్టం వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 70. దాని మీది అచ్చులోనే జాతకమంతా ఉంటుంది. సి6-5 అంటే మొత్తం తోపు ‘సి’ తరగతిది, అంటే 5 నుంచి 10 న్యూటన్-సెకన్లు. సగటు తోపు 6 న్యూటన్లు, మందు కాలాక ఆగే సమయం 5 సెకన్లు. అక్షరం ఒక్కటి మారితే పై హద్దు రెట్టింపవుతుంది. 1960ల నాటి గొట్టాల మీద మాత్రం ఎ.8-3 లాంటి గుర్తులుంటాయి. అక్కడ .8 అన్నది న్యూటన్లు కాదు, పౌండ్లు. సేకరించేవాళ్లు గొట్టం వయసు పట్టడానికి ముందు చూసేది ఈ చుక్కనే.

చెప్పుల దుకాణం నుంచి మేబెల్ దాకా

నెబ్రాస్కా రాష్ట్రం నార్‌ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా సరదా. సోదరుడు రాబర్ట్‌కు మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరి సరదాలూ కలిసి 1954లో ‘రాక్-ఎ-చూట్’ అనే మోడల్ రాకెట్ పుట్టింది. దీనికి 1958లో పేటెంట్ వచ్చింది. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసే జి. హ్యారీ స్టైన్ పత్రికలో రాసిన వ్యాసం చదివి, కార్లైల్ 1957లో ఆయనకు తన నమూనాలు పంపాడు. అదే ఏడాది అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరింది. అమెరికా కుర్రాళ్లు ఇళ్లలోనే మందు కలిపి, లోహపు గొట్టాల్లో కూరి, వేళ్లూ కళ్లూ పోగొట్టుకుంటున్న కాలమది. మందు కలిపే పనే పిల్లల చేతిలో లేకుండా, తయారుగా ఉన్న మోటారు అమ్మితే ఈ గొడవ ఉండదని స్టైన్ ఆలోచన. డెన్వర్‌లో మోడల్ మిస్సైల్స్ కంపెనీ పెట్టాడు. మోటార్లు చేసిపెట్టేవాళ్ల కోసం వెతుకుతుంటే ఆ ఊళ్లోనే బాణసంచా వ్యాపారి కుటుంబానికి చెందిన వెర్న్ ఎస్టెస్ దొరికాడు.

ఎస్టెస్ మందును చేత్తో కూరడం మానేసి యంత్రం కట్టాడు. దానికి ‘మేబెల్’ అని పేరు పెట్టాడు. 1959 జనవరిలో పని మొదలుపెట్టిన మేబెల్ దాదాపు అయిదున్నర సెకన్లకో మోటారు చొప్పున చేసేది. స్టైన్ కంపెనీ అమ్మగలిగినదానికంటే అది చేసేదే ఎక్కువైంది. దాంతో ఎస్టెస్ పోస్టులో తనే సొంతంగా అమ్మడం మొదలుపెట్టి, 1961లో కొలరాడోలోని పెన్‌రోజ్‌కు మారాడు. మోడల్ మిస్సైల్స్ ఎక్కువకాలం నిలవలేదు. ఈ చరిత్రలో కార్లైల్‌కూ స్టైన్‌కూ దక్కినంత పేరు ఈ యంత్రానికీ దక్కాలి. ఏ మోటారుకా మోటారు ఒకేలా కాలకపోతే గొట్టం మీద అచ్చేసిన అంకెలకు విలువేముంది?

మిగతా తయారీదారులు

1961లో లీ పీస్టర్ అరిజోనాలో ఫీనిక్స్ కేంద్రంగా సెంచురీ స్థాపించాడు. డేమన్ కార్పొరేషన్ 1969లో ఎస్టెస్‌ను, ఆ తర్వాత సెంచురీనీ కొనేసింది. అక్కణ్ణుంచి సెంచురీ ముద్రతో వచ్చిన మోటార్లూ పెన్‌రోజ్‌లో తయారైనవే. ముద్రలు రెండు, మందు ఒకటి.

మిస్సోరిలోని రేటౌన్ నుంచి వచ్చిన ఫ్లైట్ సిస్టమ్స్ మోటార్లది వేరే తీరు. ఎస్టెస్ చిన్న గొట్టాలతో సరిపెట్టుకుంటే, వీళ్లు నల్లమందుతోనే 27 మిల్లీమీటర్ల ‘ఎఫ్’ తరగతి దాకా వెళ్లారు. ఎఫ్100, ఎఫ్7 పక్కపక్కన పెట్టి చూడండి. తరగతి ఒకటే. మొదటిది సెకను కూడా నిండకుండా ఖాళీ అవుతుంది, రెండోది ఆరు సెకన్లకు తగ్గకుండా మెల్లగా తోస్తూనే ఉంటుంది. రాకెట్ బరువుగా ఉంటే ఎఫ్7 దాన్ని లేపలేక చతికిలబడేది.

మిషిగన్‌కు చెందిన ఎంపీసీ 13 మిల్లీమీటర్ల మినీజెట్‌లు తెచ్చింది. ఆ పని తర్వాత విస్కాన్సిన్‌లోని మినరల్ పాయింట్‌లో ఏవీఐ అనే కంపెనీ చేతికి వెళ్లింది. నల్లమందునే వదిలేసినవాడు ఇర్వ్ వేట్. ఆయన రాకెట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అమోనియం పర్‌క్లోరేట్‌ను రబ్బరు లాంటి పదార్థంలో కలిపి ‘ఎనర్‌జెట్’ మోటార్లు చేసింది. అంతే బరువు నల్లమందుతో పోలిస్తే వీటి బలం రెట్టింపు పైమాటే. సెంచురీ ఆ కంపెనీని కలుపుకుంది గానీ, ఖరీదైన ఆ మోటార్లు 1970ల నడుమకే ఆగిపోయాయి. ఆ దారిని మళ్లీ 1982లో గ్యారీ రోజెన్‌ఫీల్డ్ ఏరోటెక్‌తో తెరిచాడు. 2001లో లాస్ వేగస్‌లోని ఏరోటెక్ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కుర్రాడి ఇంట్లోంచి తప్పించిన ప్రమాదం ఎక్కడికీ పోలేదు, మందు కలిపే షెడ్డులోకి మారింది.

పాత మోటార్లు నేడు

నల్లమందు ఏళ్లు గడిచినంత మాత్రాన చెడిపోదు. కానీ ఎండాకాలపు వేడికీ చలికాలపు చలికీ మందు దిమ్మ ఒక తీరున, కాగితం మరో తీరున సాగి ముడుచుకుంటాయి. మధ్యలో వెంట్రుకంత సందు పడుతుంది. అంటించగానే మంట ఆ సందులోకి దూరి మందంతా ఒకేసారి కాలుతుంది, గొట్టం పగులుతుంది. దీన్ని అభిమానులు ‘కాటో’ అంటారు. అందుకే అటక మీద నలభై ఏళ్లు పడున్న పెట్టె కంటే చల్లటి గదిలో అంతే కాలం ఉన్న పెట్టె నయం. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ ఎగరేతల్లో మాత్రం ధ్రువీకరణ ఉన్న మోటార్లనే వాడనిస్తారు, గడువు తీరినవి ఎంత భద్రంగా దాచినా సాధారణంగా పక్కన పెట్టాల్సిందే.

మందున్న గొట్టాన్ని పోస్టులో పంపడం ప్రమాదకర సరుకుల నిబంధనల కిందికి వస్తుంది. కాలినదైతే ఆ బెడద లేదు. రేటౌన్ ఎఫ్100 ఖాళీ గొట్టం పొగచూరి నల్లబడినా, దాని మీది ‘100’ చదవడానికి వస్తే చాలు, సేకరించేవాళ్లు దాన్ని పారేయరు.