సిపాయి చూసిన పల్లె

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపట్ల వాళ్ళు దాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవదానికి 1,110 మంది వెళ్ళారని ఆ ఊరు లెక్క చెబుతుంది. వాళ్ళ పేరిట స్మారక స్తంభం కూడా ఉంది. సభల్లో ఉపన్యాసాలకు ఈ అంకెలు చాలు, చరిత్రకు చాలవు. ఆ వెయ్యి మందికీ పరాయి దేశపు పల్లెలు, పట్నాలు ఎలా కనిపించాయన్నది ఎవరూ అడగలేదు.

తెలుగువాడు సిపాయి కావడం కొత్త కాదు. కంపెనీ రోజుల్లో బెంగాలులో సిపాయికి 'తిలంగా' అనే పేరు వచ్చింది మనవాళ్ళ వల్లనే. తరువాత ఇంగ్లీషు సేనాధిపతులు 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం కనిపెట్టి తెలుగువాణ్ణి పనికిరాడని తీసేశారు. జపాను సైన్యం బర్మాలో దిగేసరికి ఆ సిద్ధాంతం ఎక్కడికి పోయిందో! మద్రాసు రెజిమెంటు మళ్ళీ పుట్టింది. డెల్టాలో 1852 నాటి ఆనకట్ట పుణ్యమా అని నీరుంది, పంట ఉంది. భూమి మాత్రం అందరికీ లేదు. జీతమూ, తిండీ ఇస్తామన్న చోటికి కుర్రవాళ్ళు వెళ్ళారంటే అందులో వింత లేదు.

వెళ్ళిన చోట్లలో బర్మా ఒకటి. అక్కడ డెల్టా మనిషి అప్పటికే తెలిసినవాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్ళు మనవాళ్ళని పిలిచేవారు. రంగూను రేవులో బస్తాలు మోసింది తెలుగు కూలీలు. 1930 మే నెలలో వాళ్ళు సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. రెండు దేశాల పేదలు కత్తులు దూసుకున్నారు, వందమందికి పైగా చచ్చారు. లాభపడ్డవాళ్ళ ఇళ్ళకు ఒక్క రాయీ తగలలేదు. 1942 మార్చి 8న రంగూను పడిపోయింది. లక్షలమంది భారతీయులు అడవిదారుల్లో నడిచి వచ్చారు, దారిలో వేలమంది పోయారు. ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయింది.

అటువంటి నేల మీదికి మనవాడు ఈసారి తెల్లదొర సైన్యంలో వెళ్ళాడు. ఐరావతి కాలవలు, వరిచేలు, గేదెలు, బురదలో పిల్లలు: గోదావరి రైతుబిడ్డకు అవి పరాయివి కావు. అయినా తుపాకి పట్టుకున్నవాడికి ఎదురు చేలో నిలబడ్డ రైతు మొదట అనుమానంగానే కనిపిస్తాడు. ఆ రైతుకు వీడు మళ్ళీ వచ్చిన కోరంగివాడు.

ఇది ఇంకా దారుణంగా తేలింది సైగానులో. 1945 సెప్టెంబరు 2న హనోయిలో హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. అదే నెల 13న 20వ ఇండియన్ డివిజన్ అధిపతి జనరల్ గ్రేసీ సైగాను చేరాడు. వచ్చిన పని ఓడిన జపాను సైన్యం ఆయుధాలు తీసుకోవడం. చేసిన పని ఫ్రెంచివాళ్ళను మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టడం. అందుకు ఆ జపాను సైనికులనే వాడుకున్నాడు కూడా! ఆ డివిజన్లో ఎక్కువమంది పంజాబీలు, గూర్ఖాలు. వాళ్ళూ రైతుబిడ్డలే. వాళ్ళు కాపలా కాసిన పట్నంలో యుద్ధకాలంలో బొగ్గు అందక విద్యుత్తుకోసం ధాన్యం తగలబెట్టారు. ఉత్తరాన టోంకిన్‌లో అన్నంలేక లక్షలమంది చచ్చారు. 1943లో బెంగాలు కరువు విన్న సిపాయికి ఇది అర్థం కాలేదనుకోవడం అతణ్ణి అవమానించడమే. భారత సైన్యాన్ని అక్కడ వాడుకోవడాన్ని నెహ్రూ బహిరంగంగా ఖండించాడు. సిపాయి ఏమన్నాడన్నది మాత్రం అంతగా వినిపించదు. గ్రేసీ కాగితాలు లండనులో కింగ్స్ కాలేజీలో భద్రంగా ఉన్నాయి.

మాధవరంలోనూ, అటువంటి ఊళ్ళలోనూ పెట్టెల అడుగున డిశ్చార్జి కాగితాలు, ఉత్తరాలు ఇంకా దొరకవచ్చు. మన కాలేజీల విద్యార్థులు సెలవుల్లో వెళ్ళి అడగవలసింది ఎన్ని పతకాలు వచ్చాయని కాదు. అక్కడి పల్లెల గురించి తాత ఇంట్లో ఏమని చెప్పేవాడు? అక్కడ బియ్యం ధర ఎంతని చెప్పాడు?