పందుంపుల్ల, పళ్ళపొడి, పేస్టు

తెలుగు ఊళ్ళలో పళ్ళు తోముకోవడానికి చాలాకాలం అంగడికి పోవాల్సిన పని ఉండేది కాదు. పందుంపుల్లకు వేప, కానుగ, ఉత్తరేణి ఉండేవి. పుల్ల కొన నమిలి కుంచెలా చేసి తోముకున్నాక, దాన్నే నిలువునా చీల్చి ఆ బద్దతో నాలుక గీసుకునేవారు. పుల్ల లేనివారికి కచ్చిక, బొగ్గు, ఉప్పు. ఇటుక పొడితో తోమినవారూ ఉన్నారు. పొడుల్లో పనిచేసేది ప్రధానంగా గరుకుదనమే. దాంతో పాచి పోయేది, పంటి మీది ఎనామిల్ కూడా అరిగేది. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

తర్వాత కొనే పొడులు వచ్చాయి. మైసూరు సీమలోని నంజనగూడులో బి.వి. పండిట్ 1913లో పెట్టిన సద్వైద్యశాల వారి గులాబీరంగు పళ్ళపొడి దక్షిణాదిన బాగా పేరుపడింది. కొన్ని పొడుల్లో పొగాకు కలిపేవారు. తోముకోవడం అలవాటుగా మొదలై వ్యసనంగా మారేది. పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు వాడకాన్ని కేంద్రం 1992లో గానీ నిషేధించలేదు.

అమెరికాలో 1873లో జాడీల్లోనూ, 1896 నుంచి ట్యూబుల్లోనూ పేస్టు అమ్మిన కోల్గేట్, భారతదేశంలో కంపెనీగా నమోదైంది 1937లో. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ప్రకటించిందీ ఆ ఏడాదే. దున్నే ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులు అంతకుముందే గమనించారంటారు. మనుషుల్లో పళ్ళ మీద గోధుమరంగు చారలు పడేవి, ముదిరితే నడుం వంగిపోయేది. కారణం బావినీటిలోని ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లా బాధ 1955లో వైద్య పత్రికకెక్కింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుక్కి దించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

విచిత్రమేమిటంటే, అమెరికాలో ఇలాంటి మరకలున్న పళ్ళను పరిశీలించినవారికి వాటిలో పుచ్చు తక్కువగా కనిపించింది. తీపి తిన్నాక నోటిలోని బాక్టీరియా వదిలే ఆమ్లం పంటి ఖనిజాన్ని కరిగిస్తుంది. కొద్దిపాటి ఫ్లోరైడ్ ఆ ఖనిజం తిరిగి పంటికి చేరడానికి తోడ్పడుతుంది. అందుకే 1950ల నుంచి అది పేస్టులోకి వచ్చింది. సుద్ద, నురగ, పరిమళంతో సరిపెట్టుకున్న పేస్టుకు ఒక వైద్యగుణం అబ్బింది అప్పుడే. పుచ్చు భయం ఉన్నవారు చూడాల్సింది ప్రకటనల్లోని లవంగాన్నీ ఉప్పునూ కాదు, ఫ్లోరైడ్ పాళ్ళను. మన దేశంలో అది 1000 పీపీఎం దాటకూడదు. ఎంతుందో ట్యూబు మీద ముద్రించాలి. చల్లనీళ్ళకు జివ్వుమనే పళ్ళకైతే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టులు వేరు.

నెల్లూరు, నల్లగొండల అనుభవం పేస్టు ఎంపికలోనూ లెక్కకు వస్తుంది. ఫ్లోరోసిస్ మరకలు పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు, కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల పడతాయి. కాబట్టి పెద్దలు తోముకుని ఉమ్మే పేస్టుతో కొత్త మరకలు రావు. భయమంతా పేస్టు మింగే పిల్లలకే. మూడేళ్ళలోపు వారికి బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు వారికి బఠాణీగింజంత చాలు. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో, పసిపిల్లలకు ఏ పేస్టు వాడాలో నీటి పరీక్ష ఫలితం చూసి దంతవైద్యులు చెబుతారు.