పట్టుదారం చెప్పిన అబద్ధం

ఫినాయిల్ సీసా మీద చిన్న అక్షరాల్లో ‘ఆర్.డబ్ల్యూ.సి.’ అని ఓ అంకె ఉంటుంది. దాని వెనక ఓ పట్టుదారం కథ ఉంది.

1881లో బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ పట్టుదారపు ముక్కలను ఆంత్రాక్స్ సిద్ధబీజాలతో తడిపి ఆరబెట్టాడు. మన పల్లెల్లో పశువుల్ని చంపే దొమ్మ రోగం ఇదే. దాని సిద్ధబీజాలు మహా మొండివి. ఆ దారాలను ఒక్కో మందులో ముంచి, తీసి, కడిగి జెలటిన్ మీద పరిచాడు. క్రిములు మొలిస్తే మందు ఓడినట్టు, మొలవకపోతే గెలిచినట్టు. సర్జన్లు నమ్ముకున్న కార్బాలిక్ ఆమ్లాన్ని నూనెలో కలిపితే ఆ సిద్ధబీజాలను ఏమీ చేయలేకపోయింది. మెర్క్యూరిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం మాత్రం వెయ్యో వంతున్నా నిమిషాల్లో పని ముగించినట్టు కనిపించింది.

ఎనిమిదేళ్ల తర్వాత యూలియస్ గెపర్ట్ అనే మరో పరిశోధకుడికి అనుమానం వచ్చింది. ఎంత కడిగినా దారాన్ని అంటుకుని కాస్త పాదరసం మిగులుతుంది కదా! జెలటిన్ మీదికి చేరి, బతికున్న వాటిని కూడా అదే మొలవనీయడం లేదేమో? అమోనియం సల్ఫైడ్‌తో ఆ పాదరసాన్ని విరిచేసి చూశాడు. చచ్చాయనుకున్నవి మళ్లీ మొలిచాయి. అవి చావలేదు, నోరు మూసుకుని పడి ఉన్నాయంతే. పరీక్ష ముగిశాక మందు విషాన్ని విరిచాకే లెక్క చూడాలన్న నియమం ఈనాటికీ ప్రయోగశాలల్లో ఉంది.

మరి ఏ మందు ఎంత గట్టిదో చెప్పేదెలా? 1903లో శామ్యూల్ రిడియల్, ఎయిన్‌స్లీ వాకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కార్బాలిక్ ఆమ్లాన్నే, అంటే ఫినాల్‌ను, తూకపురాయిగా పెట్టారు. టైఫాయిడ్ క్రిముల్ని మందులో కలిపి, రెండున్నర, ఐదు, ఏడున్నర, పది నిమిషాలకు తీగ కొనతో ఓ బొట్టు తీసి పోషక ద్రవంలో వేస్తారు. వెచ్చగా ఉంచాక ద్రవం మసకబారితే క్రిములు బతికున్నట్టే. ఐదో నిమిషంలో బతికుండి, ఏడున్నరకు చచ్చే పలుచదనమేదో పట్టుకుంటారు. ఫినాల్ ఒక పాలు 100 పాళ్లలోనూ, కొత్త మందు ఒక పాలు 500 పాళ్లలోనూ ఆ పని చేశాయనుకుందాం. కొత్త మందు అంకె 5. సీసా మీద ఉండే ‘ఆర్.డబ్ల్యూ.సి.’ అంకె, అంటే రిడియల్-వాకర్ కోఎఫిషియెంట్, ఇదే.

వ్యాపారులకు ఈ అంకె బాగా కలిసొచ్చింది. కానీ శుభ్రమైన గాజు గొట్టంలో తీసిన లెక్క మురికి నేల మీద చెల్లుతుందా? 1908లో లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, చార్లెస్ మార్టిన్ ఎండిన మలాన్ని పొడిచేసి కలిపి మరీ పరీక్షించారు. చాలా మందుల పస అక్కడే తగ్గిపోయింది. మురికి మందును తానే మింగేస్తుంది, క్రిములకు మిగిలేది కొంచెమే.

ముందు చీపురుతో శుభ్రంగా ఊడ్చి, ఆ తర్వాతే ఫినాయిల్ నీళ్లు చల్లే ఇల్లాలికి ఈ పేర్లేవీ తెలియకపోవచ్చు. వాళ్ల ప్రయోగం చూపిన వరస మాత్రం ఆమె తప్పడం లేదు.