అబ్బా అంబాసిడర్, టాపెట్ కవర్ ప్యాకింగ్



పోయిన రంజాన్ తర్వాత మా ఇంట్లో ఒక ఝగడా లేచింది. అబ్బా అంబాసిడర్ గురించి. కొవ్వూరులో బయల్దేరి బ్రిడ్జి ఎక్కేసరికి బానెట్ సందుల్లోంచి పొగ, వెనక సీట్లో పిల్లలకి మాడిన నూనె వాసన. "పాత ఇనుప సామాన్ల వాడికిచ్చేద్దాం, పిల్లల జాన్‌తో ఆటలేంటి?" అన్నాడు తమ్ముడు. అబ్బా జవాబివ్వలేదు. టోపీ తీసుకుని అస్ర్ నమాజుకి వెళ్ళిపోయారు.

తమ్ముడి మాటలో తప్పు లేదు. ఈ ఇంజను తల మీద ఒక రేకు మూత ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని రాకర్ కవర్, వాల్వ్ కవర్ అంటారు. మన మెకానిక్కులకి మాత్రం అది టాపెట్ కవర్. ఆ మూతకీ హెడ్డుకీ మధ్య ఉండే పట్టీ ప్యాకింగ్. అది చచ్చుబడితే నూనె ఎడమ పక్కకి జారుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉన్నది సరిగ్గా ఆ పక్కే. కాలుతున్న ఇనుము మీద నూనె చుక్క పడితే ముందు పొగ, ఖరాబు నసీబైతే మంట. కొన్ని రూపాయల పట్టీ ఎంచడంలో ఇంత జిమ్మేదారీ ఉంది.

ఆ పట్టీకి కూడా ఒక తారీఖ్ ఉంది. హిందుస్తాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖాలో మొదలై, 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకి మారింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో అంబాసిడర్ తెచ్చింది. మొదటి బళ్ళలో వాల్వులు ఇంజను పక్కన ఉండేవి కాబట్టి తల మీద ఈ మూతతో పనే లేదు. 1959లో 1489 సీసీ ఇంజను వచ్చాకే వాల్వులు పైకెక్కాయి, వాటితో పాటే మూతా ప్యాకింగూ వచ్చాయి. 1990లలో ఇసుజు 1.8 లీటర్ ఇంజను వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్‌కి అదే గుండెకాయ. అంటే అబ్బా జవానీలో ఒక షాగిర్ద్ నేర్చుకున్న పని, అతని కొడుక్కీ పనికొచ్చింది. ఇవాళ ఏ కారు మెకానిక్కుకి ఆ భాగ్యం ఉంది?

మా గోదావరి జిల్లాల్లో కారు కథంతా నది దాటడంతో ముడిపడి ఉంది. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన రైలుకే. కొవ్వూరు, రాజమండ్రి మధ్య కారు పోయే వంతెన, అదే పైన రోడ్డు కింద రైలు ఉన్నది, 1974 నవంబరులో రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. అబ్బా ఈ అంబాసిడర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొని టాక్సీ తిప్పింది ఆ తర్వాతే. మా ఫీజులు, అక్క నికాహ్ ఖర్చు, అన్నీ ఆ వంతెన మీద సంపాదించిన హలాల్ రోజీయే.

బండి మరమ్మతులన్నీ రాజమండ్రిలో ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన లేరిప్పుడు, అల్లాహ్ మగ్ఫిరత్ చేయుగాక. చిన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. కార్కు షీటుని మూత అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తట్టేవారు. అంచు గీత షీటు మీద పడేది. ఆ గీత వెంట బ్లేడు. కొలత టేపు లేదు, కాగితం లేదు. రోహిణీ కార్తె ఎండకి దుకాణంలో ఎండి కుంచించుకుపోయిన ప్యాకింగ్‌ని పారేసేవారు కాదు, గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే మళ్ళీ సైజుకొచ్చేది. ఫ్యాక్టరీ పుస్తకం చూడని చేతుల్లో ఆ హునర్!

ఆ కార్కు కూడా దూరం నుంచి వచ్చిన ముసాఫిరే. అది ఒక రకం ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్, దక్షిణ స్పెయిన్, మొరాకో, అల్జీరియా దాని ఇలాకా, అంటే మన పెద్దలు అందలుస్ అని తలచుకునే నేలా దాని చుట్టుపక్కలానూ. చెట్టుని నరకరు, తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు, మళ్ళీ పెరుగుతుంది. మనం మెకానిక్కుని పిలిచే 'మేస్త్రీ' అన్న మాటా పోర్చుగీసు నుంచి వచ్చిందే. మాటా, మాలూ రెండూ ఒకే ఒడ్డు నుంచి మన వర్క్‌షాపుకి చేరాయన్నమాట.

ఇప్పుడు అసలు సవాలు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడింది. ప్యాకింగ్ ఎక్కడ, ఏది కొనాలి? ఒక దుకాణంలో ప్యాకింగే వద్దు, ట్యూబు సిలికాన్ రాసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. లోపలికి పిండుకున్న సిలికాన్ ముక్కలు ఊడి నూనెలో పడితే నూనె దారికే అడ్డం పడతాయి. ఇంకోచోట అచ్చులో పోసిన నైట్రైల్ రబ్బరు చూపించారు. మాల్ మంచిదే, వేడికి ఆగుతుంది, మూత ఎన్నిసార్లు తీసినా చెడదు. కానీ దానికి అంచు తిన్నగా ఉండాలి. మా మూత అంచు ఏళ్ళ తరబడి నట్లు బిగించి బిగించి వంకర్లు పోయింది. వంకరని మాఫ్ చేసే గుణం కార్కుది. ఉత్త కార్కు త్వరగా పెళుసెక్కుతుంది కాబట్టి, చివరికి రబ్బరు కలిపిన కార్కు తీసుకున్నాను.

ఉస్తాద్ షాగిర్దుల్లో ఒకాయన ఇప్పటికీ పని చేస్తున్నారు. మూతని అద్దం పలక మీద బోర్లించి, ఎత్తుపల్లాలు చూసి, చెక్క ముక్క ఆనించి అంచు సరిచేశారు. ప్యాకింగ్‌ని మూత వైపు జిగురుతో అంటించారు, హెడ్డు వైపు గ్రీజు మాత్రం రాశారు. టాపెట్ సెట్టింగ్‌కి మూత తీసినప్పుడల్లా ప్యాకింగ్ చిరగకుండా లేచి వస్తుందట. తర్వాత బ్రీదర్ పైపు విప్పి ఊదారు. గాలి పోలేదు, మసి గడ్డకట్టి ఉంది. "భాయ్, ఇది మూసుకుంటే లోపలి గాలి నూనెని తోసేస్తది. బంగారం ప్యాకింగ్ వేసినా కారుద్ది" అన్నారు. ఆ మాట ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు. పైనున్న రెండు నట్లు వేళ్ళతో తిప్పి, స్పానరుతో ఇంకొంచెం, అంతే. నేను గట్టిగా బిగించమంటే నవ్వారు: "అంచు వంకర పోయింది అట్లా బిగించబట్టే."

జుమా రోజు తమ్ముడే స్టీరింగ్ పట్టాడు. వంతెన దాటాం, పొగ లేదు. అబ్బా ముందు సీట్లో కిటికీ దించుకుని గోదావరి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఫజ్ర్ తర్వాత బండి కింది గోనెపట్టా మీద ఒక చుక్క కనబడింది. పైమూతది కాదు. ఈ ఇంజనుకి పక్కన కూడా రెండు చిన్న కవర్లుంటాయి, వాటికీ కార్కు ప్యాకింగులే, మానిఫోల్డ్ విప్పితే గానీ చెయ్యి పట్టదు. షాగిర్ద్ గారు వచ్చే ఆదివారం వస్తామన్నారు, ఇన్షా అల్లాహ్.